అరగంట సెలవు కోరుతూ సెల్‌ఫోను వారికి దరఖాస్తు

మహారాజశ్రీ సెల్‌ఫోను వారి సముఖమునకు,

విజయవాడ, సత్యనారాయణపురం నుంచి తమ నౌకరు నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, తమరి ఛార్జింగు నూటికి తొంభై పాళ్లు ఉన్నందుకు సంతోషం. తమ కొలువులో చేరి పదకొండేళ్లయింది. ఇన్నేళ్లలో ఒక్క పూట సెలవు అడిగిన పాపాన పోలేదు. తెల్లవారగానే దేవుడి పటం కంటే ముందు తమ ముఖమే చూస్తున్నాను, పెళ్లి భోజనంలో పప్పు కలుపుకుంటూ కూడా ఎడమచేత్తో తమ సేవ మానలేదు. అందుచేత వచ్చే ఆదివారం సాయంత్రం అరగంట సేపు ఏకాంతం నిమిత్తం సెలవు ఇప్పించవలసిందిగా వేడుకుంటున్నాను.

ఏకాంతం అనే మాట నా నోట వినగానే తమరు కంగారుపడి, ఒంటరితనం పోగొట్టుకునే ఉపాయాలంటూ నాలుగు వీడియోలు నా ముందు పెట్టారు. తమ ఆదరణకు కృతజ్ఞుణ్ణి గాని, అది వేరు, ఇది వేరు. మా గుళ్లలో రాత్రి స్వామికి ఏకాంత సేవ జరిపి తలుపులు మూస్తారు, మళ్లీ సుప్రభాతం దాకా ఎంతటివాడికీ దర్శనం లేదు. లోకంలోని మొరలన్నీ వినవలసిన దేవుడికే ఆ వెసులుబాటు ఉండగా, ఏ మొరా వినే అధికారం లేని గుమాస్తానైన నాకు రాత్రి పన్నెండున్నరకు ఎవరో తాము తిన్న భోజనం ఫొటో పెట్టారన్న కబురు అందుతోంది.

నిరుడు కార్తీకంలో ఒక సాయంత్రం నేను తమకు చెప్పకుండా ఏకాంతానికి ప్రయత్నించిన మాట నిజమే, అయితే తమరిని జేబులోనే పెట్టుకుని వెళ్లడం నా తెలివితక్కువ. పున్నమి ఘాటు మెట్ల మీద కూర్చున్నాను. నదికి ఎగువన సూర్యుడు దిగుతున్నాడు, నీళ్ల మీద ఎర్రటి చార ఒకటి నా కాళ్ల దాకా వచ్చి ఆగింది, కింది మెట్టు మీద ఒకావిడ అరటి దొప్పలో దీపం వదిలి, అది ఒడ్డుకే తిరిగి వస్తుంటే నీళ్లు చేత్తో తోసి పంపుతోంది. ఇంత బాగున్నదాన్ని ఒక్క ఫొటో తీస్తే తప్పేమిటనిపించింది. తీశాను. తీసినదాన్ని మా బంధువుల గ్రూపులో పెట్టాను. పిన్ని దండం పెట్టింది, బావమరిది ఇది ఏ ఘాటు అని అడిగాడు, చెప్పాను, పార్కింగు దొరికిందా అన్నాడు, అదీ చెప్పాను. తర్వాత వేలు దానంతట అదే కిందికి జారుతూ పోయింది. పేపరుకు చివరి పేజీ ఉంటుంది, కాఫీ గ్లాసుకు అడుగు ఉంటుంది, తమరికి ఆ రెండూ లేవు. అంతులేకుండా జారిపోయే ఆ తెరను 2006లో రూపొందించిన అజా రాస్కిన్ అనే ఆయన తర్వాత దానికి బహిరంగంగానే నొచ్చుకున్నాడు, ఆయన నొచ్చుకోలు కూడా నేను అలా జారుతూనే చదివాను. తల ఎత్తేసరికి చీకటి. సూర్యుడు లేడు, ఆ దీపం దాటిందో లేదో తెలియదు, ఆవిడ కూడా వెళ్లిపోయింది. ఫొటోకు మాత్రం ముప్పై ఒక్క బొటనవేళ్లు వచ్చాయి.

మా నాన్నగారు రాత్రి భోజనమయ్యాక వక్కపలుకు నోట్లో వేసుకుని అరుగు మీద గంటసేపు కూర్చునేవారు. ఏమిటి ఆలోచిస్తున్నారని అడిగితే "ఏమీ లేదురా" అనేవారు. ఆ ఏమీ లేనితనంలోనే మా అక్క పెళ్లి ఖర్చు, ఊళ్లో అన్నదమ్ముల పొలం తగాదా తేలిపోయాయని నాకు చాలా కాలానికి గాని అర్థం కాలేదు. ఇప్పుడు నాకు తగాదాలు ఉన్నాయి గాని అరుగు లేదు. బస్సు కోసం నిలబడ్డ పది నిమిషాలు, పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర గడిపే నాలుగు నిమిషాలు, ఎవరివీ కావనుకున్న ఆ చిల్లర సమయాలన్నీ తమ ఖాతాలోనే జమ అవుతున్నాయి.

మా ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు అన్నదమ్ములను, ద్రౌపదిని వదిలి ఒక్కడే తపస్సు చేశాడని ఇక్కడివారి నమ్మకం. ఆయన నడుముకు తమరు వేలాడుతూ ఉంటే అడవిపంది మీదికి వచ్చేదాకా తల ఎత్తేవాడు కాదు, పాశుపతం సంగతి అటుంచండి.

అయినా నేరమంతా తమ మీదే మోపడం న్యాయం కాదు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వారు ఒక ప్రయోగం చేసి, 2014లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. మనుషులను ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టి, తోడుగా కరెంటు షాకు కొట్టే మీట ఒకటి ఇచ్చారు. ఆ షాకు తప్పించుకోవడానికి డబ్బయినా ఇస్తామని అంతకుముందు చెప్పినవారిలోనే, 18 మంది మగవారిలో 12 మంది, 24 మంది ఆడవారిలో ఆరుగురు, ఊరికే కూర్చోలేక తమంత తాము షాకు కొట్టించుకున్నారు. అంటే మాతో మేము కూర్చోవడానికి జంకడం తమరు నేర్పిన విద్య కాదు. మాలో ఉన్నదాన్ని పసిగట్టి, నొప్పి తెలియని మీటనొకదాన్ని తయారుచేసి మా జేబుల్లో పెట్టారు, అంతవరకే తమ ఘనత. అందుకే ఆ అరగంటలో నాకు ఏ జ్ఞానోదయమో అవుతుందని ఆశ పెట్టుకోలేదు. మొదటి పది నిమిషాలు చెయ్యి ఖాళీ జేబును తడుముతుందనీ, మోగని మోత తొడకు తగులుతుందనీ తెలుసు. ఆ తర్వాత ఏమవుతుందో చూడాలని ఉంది.

సెలవు మంజూరు చేసినా చేయకపోయినా, ఆదివారం ఐదున్నరకు నేను ఘాటు మెట్ల మీద ఉంటాను. తమరి బసకు బియ్యం డబ్బా సిద్ధం చేశాము. ఆ మధ్య బకెట్టులో పడ్డప్పుడు తమరికి అక్కడే నెమ్మదించిందని మా ఆవిడ గుర్తు చేసింది.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క. ఈ దరఖాస్తు కాగితం మీద రాస్తుండగా తమరు పదిహేనుసార్లు పిలిచారు. పన్నెండుసార్లు లేచి వచ్చాను.