కేబుల్ ఉంది, నెట్ లేదు

ఏంది ఈ బాధ? పొద్దున్నుంచి మూడు గంటలు పోయాయి. కావలిలో మా ఇంట్లో ఫైబర్ నెట్ డబ్బా, అంటే రౌటర్ మీద ఎర్ర లైటు. సరే, ఎక్కడో తెగి ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి కంప్యూటర్‌కి వైఫై కలిపాను. కనెక్టెడ్ అనే చూపిస్తుంది, పేజీ మాత్రం ఒక్కటీ తెరుచుకోదు! పాప పరీక్ష ఫీజుకి ఇవాళే ఆఖరు తేదీ. టెన్షన్ రాదా మరి?

కస్టమర్ కేర్‌కి చేస్తే ఒకటే మాట: "రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయండి సార్." నాలుగుసార్లు చేశాను. ఎర్ర లైటు అని మొత్తుకుంటుంటే వినరేం?

చివరికి తెలిసింది. కంప్యూటర్ నుంచి ల్యాన్ కేబుల్ ఇంకా రౌటర్‌కే ఉంది. ఫైబర్ తెగినా రౌటర్ గేట్‌వే అడ్రస్, అంటే బయటికి పోయే దారి చిరునామా, ఇస్తూనే ఉంటుంది. విండోస్ చూసేది మెట్రిక్ అనే అంకె. అది ఏ అడాప్టర్‌కి (కంప్యూటర్‌ని నెట్‌వర్క్‌కి కలిపే భాగానికి) తక్కువుంటే ఆ దారినే పంపుతుంది. మామూలుగా కేబుల్‌కే తక్కువ. అవతల నెట్ ఉందా లేదా అని చూసి దారి మార్చుకోదు! పైగా కంప్యూటర్లోనే ఇంకో కంప్యూటర్ నడిపే వర్చువల్‌బాక్స్‌ది ఒకటి, ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్‌ది ఒకటి, బ్లూటూత్‌ది ఒకటి. ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ కొడితే తెర నిండా అడాప్టర్లే. ఏది అసలుదో మామూలు మనిషికి ఎట్లా తెలుస్తుంది?

ఆ అంకె మార్చే చోటు ఎక్కడ దాచారు? అడాప్టర్ ప్రాపర్టీస్, ఐపీవీ4, అడ్వాన్స్‌డ్, అడుగున ఆటోమేటిక్ మెట్రిక్. టిక్కు తీసేసి వైఫైకి 10, కేబుల్‌కి 50 వేశాను. వెంటనే నెట్ వచ్చింది. అసలు కేబుల్ పీకేసినా సరిపోయేది. "ఒకసారి కేబుల్ తీసి చూడండి సార్" అని ఆ ఫోన్లో ఒక్కరైనా చెప్పకూడదా? మూడు గంటలు!