అన్యభాషలు రానివారిలో ఆత్మ లేనట్టేనా?

విశాఖపట్నం విశ్వాసుల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. అన్యభాషలలో, అంటే నేర్చుకోకుండానే ఆత్మ వరంగా నోట వచ్చే భాషలలో, ప్రార్థించనివారు పరిశుద్ధాత్మను పొందనట్టేననీ, ఆది సంఘంలో ఆత్మ పొందిన ప్రతివారూ భాషలతో మాట్లాడారనీ, అది సాతానుకు అర్థం కాని భాష గనుక అర్థం చెప్పేవారితో పనిలేదనీ దాని సారాంశం. దాన్ని చదివి, ఏళ్ల తరబడి ఉపవాస ప్రార్థన మానని గాజువాక తల్లి ఒకామె తనలో ఆత్మ లేదేమోనని కన్నీరు పెట్టుకున్నారు. అందుకే ఈ జవాబు.

ఆది సంఘంలో అందరూ మాట్లాడారన్న మాటను, ఆ సంఘ చరిత్ర చెప్పే బైబిలు గ్రంథం అపొస్తలుల కార్యములు సమర్థించదు. ఆత్మ దిగివచ్చిన పెంతెకొస్తునాడు శిష్యులు, తర్వాత రోమా శతాధిపతి కొర్నేలీ ఇంటివారు, ఎఫెసులో ఇంచుమించు పన్నెండుమంది మాట్లాడారు, నిజమే. అయితే ఆ పెంతెకొస్తునాడే బాప్తిస్మం పొందిన ఇంచుమించు 3,000 మంది విషయంలో గాని, 8వ అధ్యాయంలో ఆత్మను పొందిన సమరయవారి విషయంలో గాని భాషల ప్రస్తావనే లేదు. "అందరు భాషలతో మాటలాడుచున్నారా?" అని పౌలు కొరింథీయులను అడిగింది, "అందరు అపొస్తలులా?" అన్న ప్రశ్నల వరుసలోనే గనుక, ఆయన ఆశించిన జవాబు 'కాదు' అనే.

భాషలే ఆత్మ బాప్తిస్మానికి, అంటే ఆత్మను పొందడానికి, రుజువన్న బోధ సిద్ధాంతంగా స్థిరపడింది 1901లో, అమెరికాలోని టొపేకాలో చార్లెస్ పార్హామ్ నడిపిన బైబిలు పాఠశాలలో. ఈ వరంతో మిషనరీలు పరదేశాల భాషలు నేర్చుకోకుండానే సువార్త చెప్పగలరని కూడా ఆయన నమ్మాడు. అంతకు దాదాపు వందేళ్ల ముందు, 1805లో, మన విశాఖకు వచ్చిన మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ కష్టపడి తెలుగు నేర్చుకొని, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. ఆ శ్రమ ఆత్మ లేనివారిదని ఈ సందేశం పంపేవారు అనగలరా?

అది సాతానుకు అర్థం కాని భాష అన్న మాట వాక్యంలో ఎక్కడా లేదు. భాషతో మాట్లాడేవాడు మనుష్యులతో కాక దేవునితో మాట్లాడుతున్నాడని 1 కొరింథీయులు 14:2 చెబుతుంది, అంతే.

అర్థం చెప్పేవారి అవసరం లేదనడం అదే అధ్యాయానికి నేరుగా విరుద్ధం. ఇద్దరు, మించితే ముగ్గురు, వంతుల చొప్పున మాట్లాడాలనీ, ఒకరు అర్థం చెప్పాలనీ, చెప్పేవారు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండి తనతోను దేవునితోను మాట్లాడుకోవాలనీ పౌలు నియమం పెట్టాడు. తానే అందరికంటే ఎక్కువగా భాషలతో మాట్లాడతానన్న మనిషి పెట్టిన నియమమిది. భాషలతో మాట్లాడడాన్ని ఆటంకపరచవద్దన్నదీ ఆయనే గనుక, ఆ వరమున్నవారి నోరు మూయించాలని నేనూ అనను.

ఆ తల్లికి నేను చదివి వినిపించింది 1 కొరింథీయులు 12:3. పరిశుద్ధాత్మ వలన తప్ప ఎవరూ యేసు ప్రభువని చెప్పలేరని అందులో ఉంది.