అన్నకు నిజాయితీ వంటబడుతోంది

మన విద్యార్థి నేత అన్న నిజాయితీ నేర్చుకుంటున్నాడు. ఈ వార్త నల్లగొండ గడియారం సెంటర్‌కు చేరగానే, టీ తాగుతున్న ఒక పెద్దాయన "ఎవరి దగ్గర?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. గ్రూప్స్‌కు కోచింగ్ ఉంది, కానిస్టేబుల్‌కు ఉంది, ఇంగ్లీషు మాట్లాడటానికీ ఉంది. నిజాయితీకి మాత్రం ఎవరూ ఇంకా బోర్డు పెట్టలేదు.

విచారిస్తే తేలింది. అన్న వెంట వీడియోలు తీస్తూ తిరిగే కుర్రాడే గురువు. "ప్రెస్‌మీట్లు ఎవ్వలు చూస్తలేరన్నా, ఇప్పుడంత ఎమోషనే నడుస్తుంది" అని వాడు ఒకరోజు తేల్చి చెప్పాడట. అన్న కాసేపు ఆలోచించి, "అయితే ఎప్పటి నుంచి మొదలుపెడదాం?" అన్నాడట. దాని ఫలితమే ఈమధ్య మీ ఫోన్లోకీ నా ఫోన్లోకీ, పెళ్లి గ్రూపుల్లోకీ, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోకీ వచ్చిపడ్డ ఆ హాస్టల్ భోజనం వీడియో.

అన్న పేరు ఎందుకు లెండి. మీ ఊళ్లోనూ ఒకడుంటాడు, ఆ పేరు పెట్టుకుని చదువుకోండి.

అన్నలో ఆకర్షణ లేదని నేననను. భుజం మీద చెయ్యేస్తే తియ్యమని అడగబుద్ధి కాదు. ఎవరు ఎదురుపడినా "తమ్మీ, అమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయి?" అంటాడు. అవతలివాడు కరిగిపోతాడు, మా అమ్మ సంగతి అన్నకు గుర్తుందని. దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జిల్లాలో ఈ ప్రశ్న గురి తప్పదని అన్నకు తెలుసు. మర్రిగూడ వాడిని అడిగినా తగుల్తుంది, మునుగోడు వాడిని అడిగినా తగుల్తుంది. తెలంగాణ ఉద్యమంలో తిన్న లాఠీ దెబ్బ కూడా అంతే. అది ఎడమ మోకాలికా కుడి మోకాలికా అన్నది సభను బట్టి మారుతుంటుంది. ముఖ్యమంత్రి జిల్లాకు వస్తున్నాడంటే అన్న తెల్లవారుజామునే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ముందస్తు అరెస్టు కోసం గుమ్మంలో నిలబడతాడు. ఒకసారి పోలీసులు రావడం ఆలస్యమైతే తనే ఫోన్ చేసి లొకేషన్ పంపాడంటారు.

ఇంతకీ అన్నను నేతగా ఎన్నుకున్నదెవరు? ఎవరూ కాదు. మన యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది. ఎన్నికలు ఎలా జరగాలో లింగ్డో కమిటీ 2006లోనే రాసిచ్చింది, సుప్రీంకోర్టు సరేనంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు వాడకూడదు, పీజీ వాళ్ల వయసు 25 లోపు ఉండాలి. అన్న పుట్టినరోజు ఫ్లెక్సీకి కట్టిన కర్రలకే 5,000 దాటుతుంది. ఇక వయసు సంగతి, రెండో పీజీ పూర్తవగానే మాట్లాడుకుందాం.

నిజానికి అన్నకు ఈ మధ్య గడ్డుకాలం నడుస్తోంది. కాలేజీల బంద్ అంటే అన్న పిలుపు, అన్న గంట కొట్టించడం, అన్న పిల్లల్ని బయటికి పంపడం. అలాంటిది 2025 నవంబరు 3 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలే బంద్ చేసి కూర్చున్నాయి. మూసిన కాలేజీని అన్న మళ్లీ ఎలా మూయిస్తాడు? మనిషి పాపం నాలుగైదు రోజులు గేటు బయట నిలబడి గేటు వంక చూశాడు. నిజాయితీ ఆలోచన అప్పుడే పుట్టి ఉంటుందని నా అనుమానం.

ఇక వీడియో. ఒకటిన్నర నిమిషాల ఆ కళాఖండం ఎలా తయారైందో ఆ హాస్టల్ వంటామె చెబితే తెలిసింది. అన్న తెల్ల చొక్కాలో వచ్చాడు. తెల్లచొక్కా రాజకీయంగా కనబడుతోందని గురువు ఒప్పుకోలేదు. డిగ్రీ కుర్రాడొకడి వెలిసిన చొక్కా విప్పించి అన్నకు తొడిగారు. ఆ కుర్రాడు షూటింగ్ అయ్యేదాకా బనియన్ మీదే కూర్చున్నాడు. బువ్వ పెట్టే వేళ. పిల్లలు ప్లేట్లు పట్టుకుని వరుసలో ఉన్నారు. వాళ్లు ఫ్రేములోకి రాకుండా కాస్త వెనక్కి జరిపారు.

అన్న నేల మీద కూర్చుని ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. "గట్ల గబగబ తినకన్నా. ముద్ద ఎత్తి ఆగు. పక్క తమ్మున్ని చూడు. గొంతుల ఏదో అడ్డం పడ్డట్టు మింగు." అన్న అలాగే ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఇన్నేళ్ల అలవాటు కొద్దీ తల మీదుగా పైకి పోయి పిడికిలైంది. మెతుకులు పక్క తమ్ముడి మీద రాలాయి. పిడికిలి కనబడగానే వెనక ఉన్న అనుచరులు "అన్న నాయకత్వం వర్ధిల్లాలి!" అని అందుకున్నారు. కట్. మళ్లీ. ఈసారి చెయ్యి పైకి లేవకుండా ఒక అనుచరుడు మోచెయ్యి పట్టుకున్నాడు, వాడి ఉంగరాలు ఫ్రేములో పడ్డాయి. కట్. తర్వాత కన్నీళ్ల సమస్య. పప్పులో కారం కూడా లేదు, ఉంటే అదైనా పనికొచ్చేది.

అన్నింటికన్నా పెద్ద చిక్కు గుడ్డు. ప్లేట్లో గుడ్డుండాలి. మొదటి టేకులో అన్న దాన్ని కొరికాడు. కొరికిన గుడ్డు రెండో టేకులో కనబడితే జనం పట్టేస్తారని గురువు చెప్పాడు. కొత్త గుడ్డు వేయించారు. రెండో టేకులో ఎమోషన్‌లో సగం మింగేశాడు. ఇంకోటి. టేకుకో గుడ్డు. అన్నకు ఆకలి తీరిపోయింది, తేన్పులు కూడా వచ్చాయి, నిజాయితీ మాత్రం రావడం లేదు. "ఇంకొక్కసారన్నా, ఈసారి మనసుల నుంచి."

ఆ గుడ్లు అన్న ఇంటి నుంచి రాలేదు. హాస్టల్లో గుడ్లు తలలు లెక్కపెట్టి ఉడకబెడతారు. కాలేజీ హాస్టల్ పిల్లాడికి ప్రభుత్వమిచ్చే డైట్ చార్జీ నెలకు 1,500 ఉండేది, 2024 నవంబరు నుంచి 2,100 చేశారు. అంటే రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, అన్నీ అందులోనే. (ఆ పెంపు తన పోరాట ఫలితమేనని అన్న ఫ్లెక్సీ కూడా వేశాడు, అది వేరే సంగతి.) అన్న ఒక్కో టేకుకు కొరికింది వరుసలో చివర నిలబడ్డ ఒక్కో పిల్లాడి గుడ్డు. ఆ రాత్రి ఆఖర్న వచ్చినవాళ్లకు పప్పునీళ్లే మిగిలాయని వంటామె చెబుతుంటే నాకు నవ్వు ఆగిపోయింది. పిల్లల ఆకలి మీద వీడియో తీయడానికి పిల్లల తిండే తింటావా? సిగ్గుండక్కర్లేదా?

ఆగండి, ఇంకా ఉంది. చొక్కా ఇచ్చిన ఆ కుర్రాడే మధ్యలో అడిగాడు: "అన్నా, డిగ్రీ అయిపోయింది. రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజోళ్లు సర్టిఫికెట్లు ఇస్తలేరు. జర ఒక్క మాట చెప్పరాదె?" ఆ యాజమాన్యం నంబరు అన్న ఫోన్లో ఉంది. అన్న పుట్టినరోజు ఫ్లెక్సీల ఖర్చు పెట్టుకునేది వాళ్లే. తన అనుచరుడి చెల్లెలి సర్టిఫికెట్లు ఒక్క ఫోన్‌తో మధ్యాహ్నానికల్లా తెప్పించాడు కూడా. అన్న ఆ కుర్రాడి ముఖం చూశాడు. అలసటో, కడుపు నిండిన మత్తో, కెమెరా సంగతి మరిచి గొంతు తగ్గించి అన్నాడట: "వాళ్లతోని నేను పెట్టుకోలేను తమ్మీ. రేపు నాకు టికెట్ వస్తే పైసలు పెట్టేది వాళ్లే."

ఇన్నేళ్ల ప్రజాజీవితంలో అన్న నోటి నుంచి వచ్చిన మొదటి నిజం అది. ముద్ద గొంతులో అడ్డం పడ్డది కూడా అప్పుడే. కెమెరా ఆన్‌లోనే ఉంది. గురువు గబుక్కున ఆపేసి, "సౌండ్ సక్కగ రాలేదన్నా, మళ్ల తీద్దాం" అన్నాడు. ఇంకో గుడ్డు తెప్పించారు.

మనం చూసి గుండె గుర్తులు పెట్టింది ఆ తర్వాతి టేకుకే. అందులో వెనక వీణ మోగుతుంది, అన్న కళ్లలో నీళ్లు తిరుగుతాయి, బనియన్ కుర్రాడు కనబడడు. వాడిప్పుడు హైదరాబాద్‌లో ఇంటర్ మెమో చూపించి పార్సిళ్లు మోసే పనిలో చేరాడు. డిగ్రీ ఉందని చెబితే కాగితం చూపించమంటున్నారట.

వీడియోకు వచ్చిన స్పందన చూసి అన్న కార్యక్రమాన్ని పాలమూరుకూ విస్తరిస్తున్నాడని వినికిడి. కాబట్టి మహబూబ్‌నగర్ హాస్టళ్ల పిల్లలకు ఒక మనవి: అన్న వచ్చే రోజు గుడ్డు ముందే తినేయండి. చొక్కా అడిగితే ఉతకలేదని చెప్పండి.