కూల్చే ముందు కొలతలు తీయండి

లండన్‌లోని మైడా వేల్‌లో 'కార్ల్టన్ టావెర్న్' అనే పబ్ ఉంది. ఇంకా ఉందంటే అది ఒక ఫైలు పుణ్యమే. 2015 ఏప్రిల్‌లో యజమానులు అనుమతి లేకుండా బుల్డోజర్ తెచ్చి దాన్ని నేలమట్టం చేశారు. అక్కడ 10 ఫ్లాట్లు కడతామన్న దరఖాస్తును అక్కడి స్థానిక పాలక సంస్థ వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఆ జనవరిలోనే తిరస్కరించింది. పబ్‌ను రక్షిత కట్టడాల జాబితాలో చేర్చే పని కూడా నడుస్తోంది. సంతకం పడేలోపు పని కానిచ్చేద్దామనుకున్నారు కాబోలు!

అయితే చుట్టుపక్కల వాళ్లకు ముందే అనుమానం వచ్చింది. వాళ్లు మొరపెట్టుకోగా పాత కట్టడాల రక్షణ చూసే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ నిపుణులు వచ్చి ఫొటోలు తీశారు, ప్లాస్టర్‌తో అచ్చులు తీశారు. ఆ ఆధారాలు చేతిలో ఉండబట్టే 'ఎలా ఉండేదో అలాగే మళ్లీ కట్టండి' అని కౌన్సిల్ గట్టిగా చెప్పగలిగింది. 2016లో అప్పీలు విచారణలోనూ ఆ ఆదేశమే నిలిచింది. 2021 ఏప్రిల్‌లో పబ్ మళ్లీ తెరుచుకుంది.

తాగే చోటు పోతే పోయిందేముంది అంటారా? తాగుడుకు వత్తాసు పలకడం మా ఉద్దేశం కాదు. హైదరాబాద్‌లో ఇరానీ హోటల్ ఎలాంటిదో ఇంగ్లండ్ వీధిలో పబ్ అలాంటిది. కార్ల్టన్ ఉన్న చోట అంతకుముందున్న పబ్ మొదటి ప్రపంచయుద్ధంలో బాంబు పడి పోతే, 1920-21లో ఈ భవనం కట్టారు. రెండో యుద్ధంలో బాంబుల వానకు తట్టుకుంది. తట్టుకోలేనిది బుల్డోజర్‌కే.

ఇలా పాత కట్టడాన్ని రికార్డు చేయడమంటే సెల్‌ఫోన్‌తో నాలుగు ఫొటోలు కొట్టడం కాదు. ఇంగ్లండ్‌లో దీనికి నాలుగు స్థాయిలున్నాయి. బయటి నుంచి చూసి రాసుకోవడం మొదటిదైతే, ప్రతి గదినీ కొలిచి గీసి, ఏ గోడ ఎప్పుడు కట్టారో, ఎందుకు కట్టారో తేల్చడం నాలుగోది. గడప ఎక్కడ అరిగింది, మూసేసిన కిటికీ ఆనవాలు ఏ గోడలో ఉంది, సున్నం పొరల కింద మొదటి రంగేమిటి... ఇలాంటివన్నీ కాగితం మీదికి రావాలి.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. 'రికార్డు చేయించాం కదా, ఇక కూల్చేస్తాం' అనే బిల్డర్లకు ఇది సాకు కాకూడదు. రికార్డు చేసే వీలుందన్నది కూల్చివేతకు ఒప్పుకోవడానికి కారణం కారాదని ఇంగ్లండ్ ప్లానింగ్ విధానంలోనే రాసి ఉంది.

మన దగ్గర? 2020లో పాత సచివాలయంతోపాటు నిజాం కాలపు సైఫాబాద్ ప్యాలెస్‌నూ కూల్చేశారు. విలేకరులను దగ్గరికి రానివ్వకపోతే విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ భవనం కొలతలు, డ్రాయింగులు ఎవరి దగ్గరున్నా ప్రభుత్వం బయటపెట్టాలి. ఇకముందు పాత కట్టడం కూల్చివేతకు వచ్చే ప్రతి దరఖాస్తుకూ పూర్తి రికార్డు జత చేయాలని మున్సిపల్ నిబంధనల్లోనే చేర్చాలి. మాసబ్‌ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ ఉంది. విద్యార్థులకు టేపు, కెమెరా, లోపలికి వెళ్లడానికి ఒక అనుమతి పత్రం ఇస్తే రేపటి నుంచే పని మొదలుపెట్టొచ్చు.