హంతకుడి ఊరికి టూరు ప్యాకేజీ

హంతకుల పేరు చెప్పి టూరిజం నడపడం తప్పా ఒప్పా అని కొందరు లేనిపోని టెన్షన్ పడుతున్నారు. ఇందులో చిక్కేమీ లేదు. హంతకుడు పోయి కొన్నేళ్లు కావాలి. ఎంత దూరం నుంచి చూసినా గుర్తుపట్టే ముఖం ఉండాలి. అతని చేతిలో పోయినవాళ్ల బంధువులు టికెట్ కౌంటర్ దాకా వచ్చి గొడవ చెయ్యకూడదు. ఇవన్నీ కుదిరితే ఇక అది నేర చరిత్ర కాదు, వారసత్వ సంపద.

గంధపు చెక్కల దొంగ వీరప్పన్‌కు అన్నీ కుదిరాయి. 2004 అక్టోబర్ 18న ధర్మపురి జిల్లాలో తమిళనాడు ప్రత్యేక పోలీసు దళం ఎస్‌టీఎఫ్ అతన్ని కాల్చి చంపింది. ఆ మీసం గురించి చెప్పక్కర్లేదు. సొంతూరు గోపీనాథం దగ్గర కర్ణాటక ప్రభుత్వ సంస్థే టెంట్లు వేసి ఒక క్యాంపు పెట్టింది. దాని పేరు 'మిస్టరీ ట్రెయిల్స్', అంటే మిస్టరీ దారులు. అందులో మిస్టరీ ఏమిటో నాకు అంతుపట్టలేదు. ఎవరు చంపారో తెలుసు, ఎవర్ని చంపారో తెలుసు. 1993 ఏప్రిల్‌లో పాలార్ దగ్గర మందుపాతర పేల్చి 20 మందికి పైగా ప్రాణాలు తీసిందెవరో కూడా తెలుసు. బహుశా రాత్రి భోజనంలోకి కూరేమిటన్నదే మిస్టరీ కావచ్చు.

ఈ వ్యాపారంలో కొలంబియా వాళ్లు మనకంటే ముందున్నారు. అక్కడి కొకైన్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ ఎస్టేటు ఇప్పుడు థీమ్ పార్కు. అతను తెచ్చి పెంచుకున్న నాలుగు నీటిగుర్రాల సంతతి ఇప్పుడు వంద దాటింది, వాటిని చూడ్డానికి జనం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తారు. మనవాడేమో దంతాల కోసం ఏనుగుల్ని చంపుకుంటూ పోయాడు. బొత్తిగా ముందుచూపు లేని మనిషి. అయితే మెడెలిన్ నగరం వాళ్లూ ఒక పిచ్చిపని చేశారు. ఎస్కోబార్ ఉన్న మొనాకో భవనాన్ని 2019లో పేల్చేసి, ఆ జాగాలో బాధితులకు స్మారకం కట్టారు. సెల్ఫీలకు ఎంత మంచి చోటు!

గోపీనాథానికీ అలాంటి పానకంలో పుడక ఒకటుంది. పందిళ్లపల్లి శ్రీనివాస్ గారు, రాజమండ్రి మనిషి, అటవీ అధికారి. వీరప్పన్‌ను పట్టుకోవాల్సిన మనిషి, పోయి వీరప్పన్ ఊళ్లోనే మకాం పెట్టారు. జనానికి మందులిప్పించారు, మారియమ్మ గుడి కట్టించారు. లొంగిపోతామని కబురొస్తే నమ్మి, 1991 నవంబర్‌లో చేతిలో ఆయుధం లేకుండా అడవిలోకి వెళ్లారు. వీరప్పన్ ముఠా ఆయన తల నరికేసింది. పోయాక సాహస పతకం కీర్తిచక్ర వచ్చింది. ఊరివాళ్లు ఆయన్ని దేవుడిలా తలుచుకుంటారు, పాపం వాళ్లకు మార్కెటింగ్ తెలీదు.

గైడ్ ఇబ్బంది కూడా అర్థం చేసుకోవాలి. "ఇక్కడ ఒకాయన జ్వరాలకు మాత్రలిప్పించాడు" అంటే జీపులోంచి ఎవరు దిగుతారు? "ఇక్కడే నరికారు" అనండి, డ్రైవరు బండి ఆపేలోపే ఫోన్లు బయటికొస్తాయి. కాబట్టి శ్రీనివాస్ గారి ఫొటో ఒకటి భోజనాల షెడ్డులో, చేతులు కడుక్కునే చోట పెట్టిస్తే గౌరవంగా ఉంటుంది. ఆయన్ని చంపిన చోటుకు విడిగా టికెట్ పెట్టాలా, ప్యాకేజీలోనే కలిపెయ్యాలా అన్నది అధికారులు తేల్చుకోవాలి. పిల్లలకు మాత్రం సగం ధర ఉండాల్సిందే.