హిమయుగం గారూ, నా మార్కు నాకియ్యండి

మహారాజశ్రీ హిమయుగం గారికి, హన్మకొండ నుంచి ఒక గ్రూప్స్ అభ్యర్థి నమస్కరించి రాయునది.

తమరు ఇంకా బతికే ఉన్నరని నిన్ననే తెలిసింది. మాక్ టెస్టుల "హిమయుగం ఎప్పుడు ముగిసింది?" అని అడిగిన్రు. 11,700 ఏండ్ల కింద అని కండ్లు మూసుకొని బుడగ నింపిన. తప్పంట! "ఇంకా ముగియలేదు" అనేది కరెక్టంట. మార్కు పోయింది, పైంగ మూడో వంతు కోత.

సార్‌ను నిలదీసిన. "గ్రీన్‌లాండ్ల, అంటార్కిటికాల మంచు పలకలు ఉన్నయా లేవా? ఉన్నంతకాలం హిమయుగమే. ఇది మొదలై 26 లక్షల ఏండ్లయింది. నువ్వు చెప్పింది అండ్ల ఒక చలి విడత అయిపోయిన తారీఖు. ఇప్పుడు నడిచేది నడిమి వెచ్చటి విడత" అన్నడు. వెచ్చటి విడతనంట! బయట 44 డిగ్రీలు. కరెంటు పోయి గంటయింది, కూలరు మూలకు మూల్గుతలేదు కూడా. ఓఆర్‌ఎస్ తాగుకుంట, చెమటకు తడిసిన ఓఎంఆర్ ఆరబెట్టుకుంట, నేను హిమయుగంల ఉన్ననంట. పేరు పెట్టుకుంటే దానికి తగ్గట్టు ఉండొద్దా?

తమరి బలగమూ అంతే. హిమానీనదం, అంటే మంచు నది అంటరు; చాలావాటికి రోజుకు జానెడు కదిలితే గొప్ప. దాని అంచు విరిగి సముద్రంల పడితే ఇంగ్లీషోళ్లు "ఈనింది" అంటరంట. మా బర్రె ఈనితే జున్నన్న దొరుకుతది.

నిజం చెప్పాలంటే మీ ఖాందాన్ మాకు కొత్త కాదు. సుమారు 30 కోట్ల ఏండ్ల కింద ఈ నేల దక్షిణ ధ్రువం దిక్కున్నప్పుడు మీ తాత ఒకాయన, మీకంటే పాత హిమయుగం, ఇక్కడ తిరిగిండు. ఆయన ఈడ్చుకొచ్చి పారేసిన గుండ్లు గోదావరి లోయల తాల్చీర్ అనే రాతి పొరలల్ల ఇప్పటికీ ఉన్నయి. ఆయన పోయినంక పెరిగిన అడవులే సింగరేణి బొగ్గయినయి. ఆ బొగ్గు కాలిస్తెనే మా కూలరు తిరిగేది, అది కాలిస్తెనే మీకు మిగిలిన మంచు కరిగేది. తాత భూమిల పండినదాంతోటి మనవనికి పొగ పెడుతున్నం. దానికి మాత్రం మన్నించాలె.

కానీ మార్కు సంగతి మన్నించ. ఉన్నవా, లేవా? ఉంటే మే నెలల ఒక్క పగటిపూట హన్మకొండ చౌరస్తాల నిలబడి చూపియ్యి. లేకుంటే లేనని కాయితం మీద రాసియ్యి, సార్ మొహాన పెడత. 1.33 మార్కులు పోయినయి నాయి. లక్షల ఏండ్లల్ల లెక్కపెట్టుకునే నీకు కటాఫ్ అంటే ఏం తెలుసు!