పిడుగు పడుతుంది, బాంబు పేలుస్తారు

పొద్దున్నే యూట్యూబ్ తెరిస్తే అప్పటికే మూడు బాంబులు పేలి ఉన్నాయి. పార్టీ మారతానన్న నాయకుడొకడు ‘బాంబు పేల్చాడు’. రిటైరవుతానన్న క్రికెటర్ కూడా పేల్చాడు. మూడోది నొక్కి చూస్తే, ఒక హీరో తన సినిమా వాయిదా పడిందన్నాడు. అంతే! దీనికి బాంబెందుకండీ, సీమటపాకాయ చాలదూ?

ఇదంతా ఇంగ్లిషువాళ్ల ‘డ్రాప్ ఎ బాంబ్‌షెల్’ చలవ. బాంబ్‌షెల్ అంటే మందుగుండు కూరిన ఇనప గుండు. పాతకాలంలో దాన్ని ఫిరంగితో విసిరేవాళ్లు. యుద్ధంలో విమానంలోంచి తొలిసారి బాంబు వేసింది 1911లో, లిబియాలో ఒక ఇటలీ సైనికుడు. ఆ మాట మాత్రం అంతకు చాలా ముందే, 19వ శతాబ్దంలోనే, గుండె గుభేలుమనిపించే వార్తకు పేరైపోయింది. (అందగత్తెనీ బాంబ్‌షెల్ అంటారు. అదేం మెచ్చుకోలో నాకిప్పటికీ అర్థం కాదు.)

మనకేమో పిడుగు ఉండేది. పిడుగులాంటి వార్త, నెత్తిన పిడుగు, కాస్త గంభీరంగా రాయాలంటే అశనిపాతం. పిడుగు ‘పడుతుంది’. ఎవరు వేశారన్న ప్రశ్నే రాదు, ఎవరి మీద పడిందన్నదే ముఖ్యం. బాంబు అలా కాదు, పేల్చినవాడు ఉండి తీరాలి. థంబ్‌నెయిల్‌లో వాడి ఫొటోయే ఉంటుంది, విన్నవాళ్ల మొహాలు ఉండవు. అందుకే నాకా మాటంటే చిరాకు.

రెండేళ్ల కిందట మా ఆఫీసులో గంటసేపు మీటింగ్ జరిగింది. సెలవులు, టార్గెట్లు అన్నీ అయ్యాక, ల్యాప్‌టాప్ మూస్తూ మేనేజర్ “ఆఁ, ఇంకో చిన్న విషయం. వచ్చే నెల నుంచి మన టీమ్ ఉండదు” అన్నాడు. చల్లగా, టీకి వెళ్దామా అన్నట్టు. బయటికొచ్చాక వేరే టీమ్ ఆవిడ “వాట్ ఎ బాంబ్‌షెల్!” అంది, కళ్లు పెద్దవి చేసి. ఇంటి లోను కడుతున్న మా సీనియర్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. “నెత్తిన పిడుగు పడ్డట్టుంది రా” అన్నాడు. వార్త ఒకటే.

అప్పుడు నేను మా సీనియర్ మాటకే ఓటేశాను. వారం తర్వాత తెలిసింది, మేనేజర్‌కి ఆ సంగతి రెండు నెలల ముందే తెలుసట. ఆ రెండు నెలల్లో మాతో కలిసి భోంచేశాడు, వచ్చే ఏడాది ప్లాన్లు కూడా రాయించాడు.

పాపం, పిడుగుకి ముందే తెలీదు కదా. ఆ ఒక్కసారికి మాత్రం బాంబే సరైన మాట.